సీసం గుండ్లకు పౌడర్ కోటింగ్: సుత్తితో కొడితే పెచ్చులు ఊడుతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఆదివారం_రేంజ్ (డాలస్ దగ్గర), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా 9 ఎం.ఎం. పిస్టల్ కోసం ఇంట్లోనే సీసం గుండ్లు పోసుకుంటున్నాను. 124 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) గుండు అచ్చు, సీసం అంతా పాత టైర్ల వీల్ వెయిట్స్ (చక్రాల తూకం సరిచేసే చిన్న బరువులు) కరిగించినదే. మొదట్లో గుండ్లకి మైనం లూబ్ (జారుడు పూత) వాడాను. పొగ ఎక్కువ, చేతులంతా జిడ్డు. అందుకే పౌడర్ కోటింగ్‌లోకి (రంగు పొడి అంటించి ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే పూత) దిగాను.

నేను చేసే పద్ధతి ఇది. అడుగున 5 అంకె ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నల్ల ఎయిర్‌సాఫ్ట్ పూసలు (బొమ్మ తుపాకుల్లో వాడేవి), రెండు చెంచాల ఎర్ర పౌడరు, 200 గుండ్లు వేసి నిమిషం పాటు గుండ్రంగా తిప్పుతాను. పట్టకారుతో ఒక్కొక్కటి తీసి ట్రేలో నిలబెట్టి, చిన్న టోస్టర్ ఓవెన్‌లో 400 ఫారెన్‌హీట్ దగ్గర 15 నిమిషాలు పెడతాను. బయటికి తీస్తే గాజు గాజుల్లా మెరుస్తున్నాయి.

కానీ పూత పట్టిందో లేదో చూద్దామని ఒకటి తీసి ఇనప దిమ్మె మీద పెట్టి సుత్తితో కొడితే, కోడిగుడ్డు పెంకులాగా రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడింది. ఈ రోజు రేంజ్‌లో 50 కాల్చాక బ్యారెల్‌లోకి లైటు వేసి చూస్తే గాడుల వెంట వెండి చారలు. సీసం పట్టేసింది. దాన్ని గోకి తీయడానికి రెండు గంటలు పట్టింది. పౌడరు మంచిది కాదా, నా పద్ధతే తప్పా?

---

జీడిమెట్ల_లైన్ (ప్రస్తుతం నార్త్ కెరొలైనా), శనివారం రాత్రి 10:25

తమ్ముడూ, పౌడరు మీద అనుమానం తర్వాత పడదాం. ముందు నీ ఓవెన్‌ని అనుమానించు.

నేను గుండ్లు పోయను, కాల్చను. కానీ హైదరాబాద్ జీడిమెట్లలో ఏడేళ్ళు పౌడర్ కోటింగ్ లైన్ మీద నిలబడ్డాను. కిటికీ గ్రిల్స్, ఫ్యాన్ రెక్కలు, ప్యానెల్ బాక్సులు రోజుకి వేలల్లో పోయేవి. అక్కడ కొత్తగా చేరినవాడికి మొదటి రోజు నేర్పే మాట ఒకటే: టైము గాలి వేడి నుంచి లెక్కపెట్టకు, లోహం వేడి నుంచి లెక్కపెట్టు.

పౌడరు డబ్బా మీద "400 దగ్గర 10 నిమిషాలు" అని ఉంటే అర్థం, లోహం 400కి చేరాక 10 నిమిషాలు. నువ్వు 200 గుండ్లు పెడుతున్నావు. ఒక్కోటి 8 గ్రాములు, అంటే 1.6 కిలోల సీసం. చల్లటి సీసం అంత ఒక్కసారి లోపలికి పోతే, ఆ చిన్న పెట్టె దాన్ని వేడెక్కించడానికే పది పన్నెండు నిమిషాలు తీసుకుంటుంది. నువ్వు 15కి తీసేస్తున్నావు. పౌడరు కరిగింది, పాకింది, మెరిసింది. కానీ పండలేదు.

ఈ పౌడర్లు ఎక్కువగా పాలియెస్టర్ రకం, వేడికి గట్టిపడే జాతి. ముందు కరుగుతాయి, తర్వాత లోపల అణువులు ఒకదానికొకటి ముళ్ళు వేసుకుంటాయి. ఆ ముళ్ళు పడితేనే అసలు బలం. మెరుపు చూసి మోసపోకు, మెరుపు కరగడంతోనే వచ్చేస్తుంది.

పరీక్ష చెప్తాను. తెల్ల గుడ్డకి అసిటోన్ తడిపి గుండు మీద ఒత్తి ఇరవై సార్లు రుద్దు. గుడ్డకి రంగు బాగా అంటితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. గుడ్డ శుభ్రంగా ఉంటే పండినట్టు. కిటికీలు తెరిచి చెయ్యి, దగ్గర్లో మంట ఉండకూడదు.

---

పాత_అచ్చు (ఒహాయో), ఆదివారం ఉదయం 7:10

జీడిమెట్ల గారు చెప్పిందానికి నా పాతికేళ్ళ అనుభవంతో సంతకం పెడుతున్నాను. ఓవెన్ మీద ఉన్న గుండీని నమ్మొద్దు. వంటింటి సామాన్ల దుకాణంలో దొరికే ఓవెన్ థర్మామీటరు కొని గుండ్ల పక్కనే పెట్టండి. ఇంకా బాగా కావాలంటే ఒక గుండుకి సన్న రంధ్రం చేసి అందులో థర్మోకపుల్ (వేడి కొలిచే) తీగ దూర్చి పెట్టండి. లోహం వేడి కళ్ళకి కనిపిస్తుంది.

ఇంకో రెండు అనుమానాలు అడుగుతాను. అచ్చు పైనుండే పళ్ళెం జారడానికి నూనె రాస్తున్నారా? అది కొంచెం ఎక్కువైనా గుండు మీదికి వస్తుంది, జిడ్డు మీద పౌడరు నిలవదు. గుండ్లని ఒట్టి చేత్తో ముట్టుకుంటున్నారా? చేతి చెమట కూడా చాలు. పోసిన రోజే, ఇంకా మెరుస్తుండగానే కోటింగ్ వేస్తే నాకు ఎప్పుడూ బాగా పట్టింది. నెలల తరబడి డబ్బాలో ఉండి బూడిద రంగుకి తిరిగినవైతే ముందు అసిటోన్‌తో కడిగి ఆరబెడతాను.

కొత్తవాళ్ళకి ఒక మాట. మనలో చాలామంది తూటా, గుండు రెండూ ఒకటే అనుకుంటారు. తూటా అంటే ఇత్తడి గొట్టం, తుపాకి మందు, దాన్ని అంటించే ప్రైమరు, ముందున్న గుండు అన్నీ కలిపి. మనం ఇక్కడ మాట్లాడేది ముందుండే సీసపు ముక్క గురించి మాత్రమే. మందు ఎంత పోయాలి అనే ప్రశ్నకి నేను ఇక్కడ జవాబు ఇవ్వను, దానికి అచ్చయిన లోడింగ్ మాన్యువల్ కొనుక్కోండి.

ఈ కోటింగ్ ఎందుకు అనేవాళ్ళకి: మెత్తటి సీసం వేగంగా బ్యారెల్‌లో పోతున్నప్పుడు, వెనక నుంచి వేడి గ్యాసు సందుల్లోంచి దూరి అంచులని కోస్తుంది. ఆ కోసిన సీసమే గాడులకి అతుక్కుంటుంది. పాతకాలంలో దానికి విరుగుడు తేనెమైనం, అలాక్స్ (ఒక రకం గ్రీజు) సగం సగం కలిపిన లూబ్. ఇప్పుడు అదే పని ఈ ప్లాస్టిక్ చొక్కా చేస్తోంది, పొగ లేకుండా. ఆస్ట్రేలియాలో పుట్టిన హై-టెక్ అనే ద్రవం రకం కోటింగ్ కూడా ఉంది, అది కూడా మంచిదే. పౌడరు అయితే ఒక ఓవెన్, ఒక డబ్బాతో పని మొదలుపెట్టొచ్చు.

---

ఆదివారం_రేంజ్, ఆదివారం సాయంత్రం 6:30

అన్నలూ, థర్మామీటర్ కొన్నాను. గుండీ 400 మీద ఉంటే గుండ్ల పక్కన 340 చూపించింది. అది కూడా 18వ నిమిషానికి! ముందు వరసలోవి ఇంకా తక్కువ, అద్దం తలుపు వైపు వేడి పోతోంది. ఇన్నాళ్ళూ నేను ఒక్క బ్యాచ్ కూడా ఓవెన్‌లో పూర్తిగా పండించలేదన్నమాట. అసిటోన్ గుడ్డ ఎర్రగా అయిపోయింది.

ఇంకో ప్రశ్న. కొన్ని రోజులు పౌడరు బాగా పడుతుంది, కొన్ని రోజులు అసలు అంటదు. అదే డబ్బా, అదే పౌడరు. ఎందుకు?

---

జీడిమెట్ల_లైన్, ఆదివారం రాత్రి 8:05

తేమ. చిన్నప్పుడు దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కలకి చూపించేవాళ్ళం కదా, లేచి అతుక్కునేవి. నీ డబ్బాలో జరిగేది అదే. ప్లాస్టిక్ పూసలు, డబ్బా గోడ, పౌడరు ఒకదానికొకటి రాసుకుని స్థిర విద్యుత్తు పుడుతుంది, పౌడరు లోహానికి అతుక్కుంటుంది. వానాకాలంలో ఆ దువ్వెన పని చేసేది కాదు, గుర్తుందా? గాలిలో తేమ ఆ విద్యుత్తుని నిలవనివ్వదు. కాబట్టి ఏసీ గదిలోనో, ఎండ బాగా కాసి గాలి పొడిగా ఉన్న రోజో కోటింగ్ వెయ్యి.

పౌడరుని గ్యారేజీలో పెట్టకు. టెక్సాస్ ఆగస్టు ఎండకి గ్యారేజీ లోపల కాగుతుంది, పౌడరు గడ్డలు కడుతుంది. మా లైన్‌లో స్టోర్ రూముకి ఏసీ పెట్టింది మనుషుల కోసం కాదు, పౌడరు కోసం. మూత గట్టిగా పెట్టి ఇంట్లో చల్లగా ఉన్న అలమరలో ఉంచు, పిల్లలకి అందకుండా.

ఒక జాగ్రత్త. ముగ్గులో వేసే రంగుపిండిలాగే కనిపిస్తుంది కానీ ఇది గాలిలో మేఘంలా లేచి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. డబ్బా మూత తీసేటప్పుడు గ్యాసు పొయ్యి, వాటర్ హీటర్ మంట దగ్గర ఉండకూడదు. ముక్కుకి మాస్కు తప్పనిసరి.

ఈ పద్ధతి మొదలైంది గుండ్ల కోసం కాదు, చాలామందికి తెలీదు. 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన గాలి ఊది తేలేలా చేసిన పౌడరులో వేడి లోహాన్ని ముంచే పద్ధతి తెచ్చాడు. విద్యుత్తుతో చల్లే పద్ధతి 60లలో వచ్చింది. ద్రావకం లేదు, వాసన లేదు, కింద పడింది తీసి మళ్ళీ వాడొచ్చు. మీరు డబ్బాలో తిప్పుతున్నది ఆ విద్యకే చిన్న తమ్ముడు.

---

ఇర్వింగ్_కొత్తోడు, ఆదివారం రాత్రి 10:50

అన్నా, నేను హెచ్-1బి మీద ఉన్నా. మా ఫ్రెండ్ రేంజ్‌కి తీసుకెళ్తే ఇంట్రెస్ట్ వచ్చింది. గన్ కొనను, కేవలం ఫ్రెండ్ కోసం గుండ్లు పోసి కోటింగ్ వేసి ఇద్దామనుకుంటున్నా. అది ఓకేనా?

---

పాత_అచ్చు, సోమవారం ఉదయం 6:55

ఆగు బాబూ. ఇది చదివాకే ఏదైనా చెయ్యి.

ఫెడరల్ చట్టం సెక్షన్ 922(జి) ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదు. అమ్యూనిషన్ అంటే పూర్తి తూటానే అనుకోకు. ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఖాళీ ఇత్తడి కేసులు, ప్రైమర్లు, మందు, గుండ్లు, అన్నీ విడివిడిగా ఉన్నా అమ్యూనిషనే. నువ్వు పోసిన సీసం గుండు కూడా అందులోకే వస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి, కానీ అవి నీకు వర్తిస్తాయో లేదో లాయరు చెప్పాలి, చర్చా వేదిక కాదు. తేడా వస్తే కేసుతో ఆగదు, వీసా కూడా పోతుంది.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ సంగతి వేరు. సొంత వాడకానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. చేసి అమ్మాలంటే కావాలి. అది కూడా గుర్తుపెట్టుకోండి, "ఫ్రెండ్స్‌కి ఖర్చు తీసుకుని ఇస్తా" అనేవాళ్ళని చాలామందిని చూశాను. పైగా రాష్ట్రాల నియమాలు వేరు వేరు.

---

గుంటూరు_ఘాటు, సోమవారం మధ్యాహ్నం 12:20

మా తాతకి పాత లైసెన్సు తుపాకీ ఉండేది. ఇక్కడ ఇండియాలో ఇంట్లో ఇలా చేసుకోవచ్చా?

---

పాత_అచ్చు, సోమవారం సాయంత్రం 5:15

చేసుకోకూడదు. 1959 ఆయుధాల చట్టంలో తయారీకి విడిగా లైసెన్సు కావాలని సెక్షన్ 5 చెప్తుంది. తుపాకీ ఉంచుకునే లైసెన్సు తయారీ లైసెన్సు కాదు. అమ్యూనిషన్ భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ చట్టం నిర్వచనంలోనే ఉన్నాయి. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్ళు. దయచేసి ఈ థ్రెడ్ చూసి అక్కడ ఎవరూ ప్రయత్నించొద్దు.

తాత గారి తుపాకీ ఇంకా ఇంట్లోనే ఉంటే, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో ముందు చూసుకోండి.

---

సరోజ_ఆర్‌ఎన్ (న్యూజెర్సీ), సోమవారం రాత్రి 9:30

నేను నర్సుని. మా ఆయన కూడా గుండ్లు పోస్తారు, అందుకే ఈ థ్రెడ్ మొత్తం చదివాను. ఓవెన్ గురించి ఇంత మాట్లాడారు. ఒక్కరు కూడా "రక్తంలో సీసం ఎంత ఉందో చూపించుకున్నావా" అని అడగలేదు. నాకు బాధేసింది.

ఆదివారం_రేంజ్ గారూ, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? ఆ టోస్టర్ ఓవెన్ ఎక్కడ పెట్టారు?

పిల్లల విషయంలో సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) 2021 నుంచి డెసిలీటరు రక్తానికి 3.5 మైక్రోగ్రాముల దగ్గరే జాగ్రత్త పడమంటోంది. అంతకు తక్కువైతే పరవాలేదని కాదు, పిల్లలకి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు. నేల మీద పాకే పిల్ల చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. మీ బూట్లకి అంటిన దుమ్ము కార్పెట్ మీదికి, అక్కడి నుంచి పిల్ల చేతికి, నోటికి. దారి అంతే.

చాలామంది కరిగించేటప్పుడు వచ్చే ఆవిరికి భయపడతారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మామూలు పోత వేడిలో ఆవిరి పెద్దగా రాదు. అసలు ప్రమాదం పైన తేలే తెట్టు. దాన్ని గరిటెతో తీసి పక్కన పడేస్తే ఎండి, బూడిద రంగు పొడి అవుతుంది. అది గాలిలో కలుస్తుంది, చొక్కాకి అంటుతుంది. తెట్టుని మూత ఉన్న ఇనప డబ్బాలో వెయ్యండి. గ్యారేజీ నేలని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. పని బట్టలు విడిగా ఉతకండి. పని మధ్యలో టీ తాగడం, చిరుతిండి తినడం, సిగరెట్టు ముట్టించడం వద్దు.

ఆ ఓవెన్‌లో ఇంకెప్పుడూ తిండి పెట్టకూడదు. మీ ఇంట్లో అది వంటింట్లో ఉంటే ఈ రాత్రే బయట పెట్టండి.

---

పాత_అచ్చు, సోమవారం రాత్రి 11:05

సరోజ గారూ, మీరు అడిగింది నేను అడగాల్సింది. మొదటి జవాబులోనే రాయాల్సింది.

నాకు తొమ్మిదేళ్ళ క్రితం మామూలు పరీక్షల్లో రక్తంలో సీసం 18 వచ్చింది. నేను పోత పోసేది ఆరుబయట, చేతులు కడుక్కుంటాను, అందుకే నమ్మలేకపోయాను. వెతికితే తెలిసింది, అది పోత నుంచి రాలేదు. కాల్చిన ఇత్తడి కేసులని శుభ్రం చేయడానికి మొక్కజొన్న కంకుల పొట్టులో వేసి తిప్పే యంత్రం ఉంటుంది కదా, దాన్ని ఇంటి బేస్‌మెంట్‌లో మూత తీసి జల్లెడ పట్టేవాణ్ణి. ప్రైమర్లలో ఉండే సీసం ఆ పొట్టు దుమ్ములో చేరుతుంది. ప్రతి ఆదివారం నేను అది పీల్చాను. నీళ్ళతో కడిగే పద్ధతికి మారాక, పదినెలలకి 6కి దిగింది.

కోటింగ్ వేస్తే చేతికి సీసం అంటడం బాగా తగ్గుతుంది, అది నిజం. కానీ ప్రైమరులో సీసం ఉన్నంతవరకూ రేంజ్‌లో పీల్చే గాలి అలాగే ఉంటుంది. కోటింగ్ ఉంది కదా అని ధీమా పడకండి.

ఎప్పుడూ చెప్పే ఇంకో రెండు విషయాలు. కారు బ్యాటరీ పలకలు కరిగించొద్దు. వాటిలో కాల్షియం, ఆర్సెనిక్, అంటిమొని ఉంటాయి, ఆ తెట్టుకి తేమ తగిలితే ప్రాణం తీసే విషవాయువు పుడుతుంది. కరిగిన సీసంలో ఒక్క నీటి బొట్టు పడకూడదు. మా నాన్నగారు కాకినాడలో వలకి కట్టే సీసపు గుళ్ళు పోసేవారు, తడి గరిటె ముంచి మోచేతి దాకా కాల్చుకున్నారు. ఆ మచ్చ చూస్తూ పెరిగాను. ఈ రోజుకీ నేను ముంచే ముందు గరిటెని కుంపటి అంచున వేడి చేస్తాను.

---

శాన్_హోసె_సుబ్బు, మంగళవారం ఉదయం 8:15

కాలిఫోర్నియా వాళ్ళ కోసం ఒక ముక్క. 2019 జూలై 1 నుంచి ఇక్కడ వేటకి సీసం లేని గుండ్లే వాడాలి. కాండర్ రాబందులు వేటగాళ్ళు వదిలేసిన కళేబరాలు తిని, అందులోని సీసం ముక్కలకి చచ్చిపోవడం దీనికి పెద్ద కారణం. కోటింగ్ వేసిన సీసం గుండు "సీసం లేని గుండు" కాదు. రేంజ్‌కి మాత్రమే. ఇంకా, ఇక్కడ 2010 నుంచి సీసం వీల్ వెయిట్స్ కొత్తగా అమ్మరు. టైర్ షాపుల బకెట్లలో ఇనుము, జింకే ఎక్కువ.

---

పాత_అచ్చు, మంగళవారం ఉదయం 8:40

జింక్ మాట మంచిది గుర్తుచేశారు. జింక్ 419 సెల్సియస్ దగ్గర గానీ కరగదు. కుండ వేడిని 370 దాటనివ్వకపోతే జింక్ ముక్కలు, ఇనప ముక్కలు పైకి తేలతాయి, గరిటెతో తీసేయొచ్చు. జింక్ కలిసిపోతే సీసం గంజిలా చిక్కబడి అచ్చులో మూలల దాకా నిండదు.

---

ఆదివారం_రేంజ్, శనివారం సాయంత్రం 7:20

వారం ఆగి రాస్తున్నాను.

సరోజ గారూ, మా పాపకి రెండేళ్ళు. ఓవెన్ వంటింట్లో కాదు, గ్యారేజీలో ఉంది. కానీ గ్యారేజీ నుంచి వంటింట్లోకి తలుపు, నేను అదే చెప్పులతో లోపలికి వచ్చేవాణ్ణి. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. బుధవారం ముగ్గురం రక్తపరీక్ష చేయించుకున్నాం. పాపది 1 కంటే తక్కువ, ఆవిడది కూడా. నాది 7. పెద్ద టెన్షన్ పడ్డాం, పాప రిపోర్టు వచ్చేదాకా ఇద్దరికీ నిద్ర లేదు. ఇప్పుడు ఓవెను, కుండ, అచ్చులు అన్నీ పెరట్లో షెడ్డులోకి మార్చాను. అక్కడికి విడిగా బూట్లు, విడిగా చొక్కా. మూడు నెలల తర్వాత మళ్ళీ చూపించుకోమన్నారు.

ఇక గుండ్లు. గాలి తిప్పే ఫ్యాన్ ఉన్న ఓవెన్ పాతది ఒకటి దొరికింది. ఒకసారికి 80 మాత్రమే పెట్టాను, ఒక గుండులో తీగ దూర్చాను. లోహం 400 చేరడానికి 14 నిమిషాలు పట్టింది, అక్కడి నుంచి ఇంకో 12. చల్లారాక సుత్తితో కొట్టాను. గుండు పావలా బిళ్ళలా పరుచుకుంది, అంచుల దాకా ఎర్ర రంగు సాగింది, ఒక్క పెచ్చు లేవలేదు. అసిటోన్ గుడ్డ తెల్లగానే ఉంది. ఈ రోజు 100 కాల్చాను. బ్యారెల్‌లోకి లైటు వేసి చూస్తే గాడులు అద్దంలా ఉన్నాయి, రెండు తడిగుడ్డ ముక్కలతో శుభ్రమైపోయింది.

ఒక చిన్న సందేహం మిగిలింది. కోటింగ్ తర్వాత కొన్ని గుండ్లు బ్యారెల్ చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) బిగుసుకుంటున్నాయి. పాత పచ్చి గుండ్లు ఇంకో 600 ఉన్నాయి, వాటిని ఏం చేయాలి?

---

పాత_అచ్చు, శనివారం రాత్రి 8:50

పాప రిపోర్టు చదివి కళ్ళు చెమర్చాయి. బాగుండాలి.

బిగుసుకోవడం మామూలే. కోటింగ్ వ్యాసానికి అంగుళంలో వెయ్యో వంతు నుంచి వెయ్యిలో మూడు వంతుల దాకా కలుపుతుంది. కోటింగ్ అయ్యాక సైజింగ్ డైలోంచి (గుండుని సరైన వ్యాసానికి తెచ్చే ఉక్కు రంధ్రం) తోయండి. మీ బ్యారెల్ గాడుల వ్యాసం ముందు కొలవండి. మెత్తటి సీసం ముక్కని చెక్క సుత్తితో లోపలికి తోసి, బయటికి వచ్చినదాన్ని మైక్రోమీటరుతో కొలిస్తే తెలుస్తుంది. గుండు దానికంటే వెయ్యో వంతు అంగుళం ఎక్కువ ఉంటే సరిపోతుంది. సన్నగా ఉంటే ఎంత మంచి కోటింగ్ వేసినా గ్యాసు పక్కల నుంచి దూరుతుంది. ఓవెన్ వేడికి గుండ్లు కొంచెం మెత్తబడతాయి కూడా. గట్టిగా కావాలంటే వేడి ట్రేని తిన్నగా చల్లనీళ్ళ బకెట్‌లో వంచండి, ముఖం దూరంగా పెట్టి. మీ 9 ఎం.ఎం.కి నా ఉద్దేశంలో అది అక్కర్లేదు.

---

జీడిమెట్ల_లైన్, శనివారం రాత్రి 9:15

ఆ 600 పారేయకు, కరిగించకు కూడా. కరిగిస్తే ప్లాస్టిక్ పొగ. పచ్చిగా ఆగిన పౌడరు అక్కడి నుంచి మళ్ళీ పండుతుంది. 80 చొప్పున ట్రేలో పెట్టి, లోహం 400 చేరాక 12 నిమిషాలు ఉంచు. ప్రతి ట్రే నుంచి ఒకటి తీసి సుత్తి, ఒకటి తీసి అసిటోన్. రెండూ నిలబడిన ట్రే ఉంచుకో. రెండోసారి ఓవెన్‌లో పెట్టాక కూడా పెచ్చు ఊడితే అది జిడ్డు మీద పడిన కోటింగ్, దాన్ని మాత్రం పక్కన పెట్టు.